గట్టు వేసేముందే అడగండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే సంగతి చుట్టూ తిరిగాయి. పొలంలో గట్లు వేసుకోవాలన్నా, బీడులో గడ్డి పెంచుకోవాలన్నా ప్రభుత్వం ఏమిస్తుంది, దాన్ని ఎలా తీసుకోవాలి అని. పని అయిపోయింది, ఇప్పుడు బిల్లు ఎలా పెట్టుకోవాలి అని అడిగినవాళ్లూ ఉన్నారు. వాళ్లందరికీ కలిపి ముందే చెప్తున్నా, పని అయిపోయాక రాదు. మిగతా సంగతులు కింద చదవండి.

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. నాలుగున్నర ఎకరాల ఎర్రనేల, బాగా ఏటవాలు. ఏటా శనక్కాయే వేస్తాం. గట్టి వాన ఒకటి పడితే పైమట్టి కొట్టుకుపోయి వంకలో పడుతోంది, పొలం పైభాగంలో గులకరాళ్లు తేలాయి. ఉపాధి హామీలో గట్లు వేస్తారని విన్నాను. మా ఊళ్లో ఒకాయన, ముందు జేసీబీతో లాగించెయ్, బిల్లు తర్వాత చూసుకోవచ్చు అంటున్నాడు. అలా చేయొచ్చా సార్?

జవాబు: వద్దు. ఆ మాట విని డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ప్రతి మండలంలో ఉంటారు. ఉపాధి హామీలో పని ముందు గ్రామసభలో ఒప్పుకుని పనుల జాబితాలోకి ఎక్కాలి, టెక్నికల్ అసిస్టెంట్ పొలానికి వచ్చి కొలిచి అంచనా వేయాలి, మంజూరు రావాలి, మొదలుపెట్టకముందు ఒకసారి, మధ్యలో ఒకసారి, అయిపోయాక ఒకసారి ఫొటో తీయాలి. ఆ ఫొటోలో ఎక్కడ తీశారో కూడా పడుతుంది. మీరు ముందే గట్టు వేసేస్తే మొదటి ఫొటోకి చోటే లేదు. పైగా ఇందులో కాంట్రాక్టర్లకు చోటు లేదు, కూలీల పని లాక్కునే యంత్రాలు పెట్టకూడదు. జేసీబీ బకెట్ గుర్తులు ఎలా ఉంటాయో తనిఖీకి వచ్చేవాడికి మీకంటే బాగా తెలుసు.

ఇక మీకు వస్తుందా అంటే, రావాలి. సొంత పొలంలో పనికి ఎస్సీ, ఎస్టీ కుటుంబాలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లు, ఆడమనిషే ఇంటిపెద్దగా ఉన్న కుటుంబాలు, భూపంపిణీలో పొలం వచ్చినవాళ్లు, ఇలాంటివాళ్లకు మొదటి వరస. వాళ్ల తర్వాత చిన్న, సన్నకారు రైతులు. రెండు హెక్టార్లు, అంటే ఐదెకరాల లోపు ఉంటే చిన్న రైతే కాబట్టి నాలుగున్నర ఎకరాలతో మీరు అందులోకి వస్తారు. జాబ్ కార్డు ఉండాలి, ఇంట్లోంచి ఒక్కరైనా ఆ పనిలో దిగాలి. ఈ వరసలన్నీ 2005 చట్టం నాటివి. దాని స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు కొత్త చట్టం చేసింది, 100 రోజులు 125 అయ్యాయి, వ్యవసాయ పనులు ముమ్మరంగా ఉండే కాలంలో 60 రోజుల దాకా పనులు ఆపే వీలు కూడా అందులో పెట్టారు. కాబట్టి మీ పంచాయతీలో ఇవాళ ఏ నిబంధన నడుస్తోందో ఫీల్డ్ అసిస్టెంట్‌ని అడిగి, అర్జీ ఇచ్చాక రసీదు మాత్రం వదలకండి. నోటిమాటగా చెప్పి వచ్చిన అర్జీ మరుసటి గ్రామసభకి ఎవరికీ గుర్తుండదు.

డబ్బు సంగతి పక్కనపెట్టి గట్టు సంగతికి వద్దాం, ఎందుకంటే మంజూరైన గట్లలోనూ పనికిమాలినవి చాలా చూశాను. ఎక్కువమంది అడిగేది సరిహద్దు గట్టు, పక్కవాడు ఒక సాలు లోపలికి దున్నకుండా ఉంటుందని. సరిహద్దు మీ తాతల పంపకాల్ని బట్టి వచ్చింది, నీళ్లు దాన్ని పట్టించుకోవు. గట్టు వాలుకి అడ్డంగా, ఒకే మట్టం మీద పోవాలి. అది ఎటు పోతుందో కంటితో చూసి చెప్పలేం, అనుభవం ఉన్నవాళ్లు కూడా బోల్తా పడతారు.

ఇంట్లో ఉన్న కట్టెలతోనే చూసుకోవచ్చు. ఆరేడు అడుగుల కట్టెలు రెండు సమానంగా కోసి, పైన కలిపి కట్టి, మధ్యలో అడ్డకట్టె బిగించండి, ఇంగ్లిష్ ఎ అక్షరంలా ఉంటుంది. పైకొస నుంచి దారానికి రాయి కట్టి అడ్డకట్టెకు రాసుకునేలా వేలాడదీయండి. చట్రాన్ని నేలమీద నిలబెట్టి, కాళ్లు ఆనిన రెండు చోట్లా గుర్తు పెట్టి, దారం అడ్డకట్టె మీద ఎక్కడ తగిలిందో బొగ్గుతో గీయండి. ఇప్పుడు చట్రాన్ని తిప్పి, ఎడమకాలు ఉన్నచోట కుడికాలు పెట్టి మళ్లీ గీయండి. రెండు గీతలకి సరిగ్గా మధ్యన మూడో గీత గీస్తే అదే మట్టం. ఆ తర్వాత పొలంలో ఒక కాలు ఆనించి, రెండోకాలు పైకీ కిందికీ జరుపుతూ దారం మధ్యగీత మీదికి వచ్చిన చోట మేకు కొట్టి, అలా చివరిదాకా నడవండి. గాలి లేని పొద్దునపూట చేస్తే దారం ఊగకుండా త్వరగా అయిపోతుంది. కొలతకి వచ్చిన అసిస్టెంట్‌కి ఆ మేకులు చూపించండి. కోపగించుకునేవాళ్లూ ఉంటారు, సంతోషించేవాళ్లే ఎక్కువ, వాళ్ల పని సగం తగ్గుతుంది కదా.

ఎగువ పక్క కందకం, ఆ మట్టితోనే దిగువ పక్క గట్టు. పెద్ద వానకి ఎక్కువైన నీళ్లు పోవడానికి ఒక చోట రాళ్లు పేర్చి అలుగు వదలాలి, లేదంటే నీళ్లే తమకు నచ్చినచోట దారి చేసుకుంటాయి. కొత్త గట్టు మొదటి వానలకి కుంగుతుంది, ఎలుకలు బొరియలు పెడతాయి, కాబట్టి మొదటి ఏడాది ప్రతి గట్టి వాన తర్వాతా పార పట్టుకుని ఒక చుట్టు తిరగాల్సిందే. ఆ పనికి ఏ పథకమూ రాదు. గట్టు మీద తొలి ఏడే కంది గింజలు నాటండి, వాటి మధ్యన గ్లైరిసీడియా అనే చెట్టు కొమ్మలు పాతండి, ఆ వేర్లే మట్టిని పట్టుకుంటాయి. గట్లకీ గట్లకీ మధ్య శనక్కాయలో ప్రతి 3.6 మీటర్లకి ఒక లోతు సాలు తీయడం కూడా మరిచిపోకండి, దానికి పైసా ఖర్చు లేదు.

ఇంత తంటా ఎందుకంటారా? ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు వాన అంటే సుమారు 4,000 లీటర్లు. 20 మిల్లీమీటర్ల వాన పడితే 80,000 లీటర్లు, అందులో సగం నిలబెట్టినా పంటకి ఒక తడి దక్కినట్టే. మన దేశంలో సగటున హెక్టారుకి ఏటా 16 టన్నులకు పైగా మట్టి కోతకు గురవుతోందని 1983లో లెక్కకట్టారు, ఎకరాకి ఆరున్నర టన్నులు. అది సగటు మాత్రమే, మీ పొలంలో గులకరాళ్లు తేలాయంటే మీ లెక్క ఇంకా పెద్దదే.

ప్రశ్న: మాది నంద్యాల జిల్లా, నల్లరేగడి. ఉపాధి పథకంలో పక్క పొలాలకి వేసినట్టే మాకూ అడ్డగట్లు వేశారు. ఇప్పుడు వాన పడితే గట్టు వెంట వారం రోజులు నీళ్లు నిలిచి శనగ కుళ్లిపోతోంది. గట్టు తీసేయమంటారా?

జవాబు: పూర్తిగా తీసేయకండి, నీటికి దారి ఇవ్వండి. ఎర్రనేలకి పనికొచ్చే గట్టు రేగడికి పనికిరాదు. రేగడి నీళ్లని త్వరగా పీల్చుకోదు, నిలిస్తే పంట చస్తుంది. ఎండాకాలం గట్టు నెర్రెలిచ్చి, తొలకరికి ఆ నెర్రెల్లోంచే తెగుతుంది. రేగడిలో గట్టుకి ఒక వైపుకి కొంచెం వాలు ఇచ్చి, నీళ్లు నిదానంగా నడిచి గడ్డి మొలిచిన కాలవలోకి పడేలా చేస్తారు. బళ్లారిలో 1954 నుంచి ఉన్న నేల, నీటి సంరక్షణ పరిశోధన కేంద్రం చూసేదే ఈ నల్లనేలల సంగతి, మీకు పెద్ద దూరం కూడా కాదు. ప్రస్తుతానికి నీళ్లు ఎక్కువగా నిలిచే చోట గట్టుని తగ్గించి రాళ్లతో అలుగు పెట్టండి, కానీ ఆ నీళ్లు దిగువ రైతు పొలంలో పడతాయి కాబట్టి ముందు ఆయనతో కూర్చుని మాట్లాడండి. ఆ మాటలు అవకుండా గడ్డపార పట్టుకుంటే వ్యవహారం స్టేషన్‌దాకా పోతుంది.

ప్రశ్న: నారాయణపేట దగ్గర మా ఆయన పేరు మీద మూడెకరాల బీడు ఉంది, బోరు లేదు. రెండు గేదెలు, పది మేకలు ఉన్నాయి. యూట్యూబ్‌లో సూపర్ నేపియర్ చూసి కణుపులు తెప్పించుకుందామనుకున్నాం. బీడంతా సర్కారు తుమ్మ. గడ్డి పెంచుకోవడానికి ఏమైనా సాయం ఉందా?

జవాబు: అమ్మా, కణుపులు మాత్రం తెప్పించకండి. సూపర్ నేపియర్ చెడ్డ గడ్డి అని కాదు, నీళ్లు కట్టినంతకాలం బ్రహ్మాండంగా కోతకొస్తుంది. బోరు లేని బీడులో నాటితే మొదటి ఎండాకాలానికే కణుపుల ఖర్చు మట్టిలో కలుస్తుంది. ఆ వీడియోల్లో కనిపించే పొలం పక్కన డ్రిప్ పైపు ఉంటుంది చూడండి, కెమెరా దాని మీదికి పోదు అంతే.

మీ నేలకి సరిపోయేవి రెండు, స్టైలో హమాటా, అంజన్ గడ్డి. స్టైలో పప్పుజాతి మొక్క, వేరు బుడిపెల్లో నత్రజని పడుతుంది, సారం లేని ఎర్రనేలలోనూ వస్తుంది, గింజ రాలి మరుసటి ఏడాది తనే మొలుస్తుంది. అంజన్ ఎండకి తట్టుకునే దుబ్బు గడ్డి. రెండూ కలిపి వేస్తే మేత బలంగా ఉంటుంది. ఎకరాకి స్టైలో రెండు కిలోలు, అంజన్ కిలోన్నర చాలు.

స్టైలో గింజకి పైపొర గట్టిగా ఉంటుంది, అలాగే చల్లితే సగం మొలవదు, విత్తనం కల్తీ అని దుకాణదారుణ్ని తిడతాం. 80 డిగ్రీల వేడినీళ్లలో నాలుగు నిమిషాలు ఉంచి తీసి, చల్లనీళ్లలో రాత్రంతా నానబెట్టి, నీడలో ఆరబోసి చల్లాలి. నీళ్లు తెర్లుతుండగా వేస్తే మాత్రం ఉడికిపోతుంది. అంజన్ గింజ దూది పింజలా గాలికి ఎగిరిపోతుంది, అందుకని తడిపిన మట్టి, పేడ కలిపి చల్లుతారు. రెండింటినీ లోతుగా వేయకూడదు, ముళ్లకంప ఒకసారి ఈడ్చినా సరిపోతుంది. తొలకరి పడి నేల తడిసిన వెంటనే చల్లండి.

అసలు కష్టం ఆ తర్వాత. మొదటి ఏడాది ఒక్క మేకని కూడా లోపలికి పోనివ్వకండి. మొలకెత్తిన గడ్డిని మేక కొరికి లాగితే వేరుతో సహా వస్తుంది. ఎదిగాక కోసి వేయండి, గింజ పట్టి రాలనివ్వండి. రెండో ఏడాది నుంచి బీడుని మూడు ముక్కలు చేసి ఒకటి మేపుతుంటే రెండు కోలుకునేలా తిప్పండి. విత్తనం ఉచితంగా ఇచ్చినా, దున్నకానికి డబ్బులిచ్చినా ఈ కాపలా లేకపోతే బీడు మళ్లీ బీడే. విత్తనం పంచేసి లెక్క రాసేసుకునే కార్యక్రమాలు నాకు పెద్దగా నచ్చకపోవడానికి కారణం అదే.

సర్కారు తుమ్మని మొదలు పైన నరికితే నాలుగు కొమ్మలై లేస్తుంది, నేల లోపల జానెడు లోతు నుంచి వేరు మొదలుతో తీయాలి. మీ మేకలు ఆ కాయలు తిని పెంటికల్లో గింజలు విత్తుతాయి, అందుకని కాయ రాలే రోజుల్లో వాటిని అటు తోలకండి. అంతా ఒకేసారి తీయాలని టెన్షన్ పడొద్దు, ఈ ఏడు ఒక ఎకరం తీసి అందులోనే గడ్డి వేయండి. పీకిన కంపే కంచెకి పనికొస్తుంది. గట్ల మీద అవిశె, సుబాబుల్ వేసుకోండి, కాకపోతే సుబాబుల్‌లో మైమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది, మొత్తం మేతలో మూడోవంతు దాటనివ్వకండి. మేత తక్కువైందని ఎండకి వడిలిన లేత జొన్నలో గేదెల్ని విప్పకండి, ఆ లేత జొన్నలో ఉండే విషం, అదే నాము, తగిలితే గంటలో పడిపోతాయి.

సాయం సంగతి. పశుగ్రాస విత్తనాలు రాయితీ మీద పశువైద్యశాల ద్వారా వస్తుంటాయి, ఎంత రాయితీ, ఏ రకం అన్నది ఏటా మారుతుంది, మే నెలలోనే పేరు రాయించుకోకపోతే వానలు పడ్డాక వెళ్లినవాళ్లకి ఖాళీ సంచులే. జాతీయ పశుసంపద మిషన్‌లో 2024 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం చేసిన మార్పుతో బంజరు, సాగుకి పనికిరాని భూముల్లో గడ్డి పెంపకానికి కూడా రాష్ట్రాలకి సాయం ఇస్తున్నారు, అది మీ చేతికి నేరుగా వచ్చే డబ్బు కాదు, జిల్లా పశుసంవర్ధక శాఖ ద్వారా నడుస్తుంది. మీకు దగ్గరి దారి ఉపాధి హామీలో భూమి చదును, గట్లు, కందకాలు. పట్టా మీ ఆయన పేరు మీద ఉన్నా, అర్జీ పెట్టడానికి, పనిలో దిగడానికి జాబ్ కార్డులో పేరుంటే మీరే వెళ్లొచ్చు, గ్రామసభలో కూర్చుని మీరే అడగండి.

ప్రశ్న: బీటెక్ చేసి ఉద్యోగం మానేశాను. 500 గొర్రెలు పెడితే 50 లక్షలు ఇస్తారట కదా, మాకు ఎనిమిదెకరాలు ఉంది. ఎలా అప్లై చేయాలి?

జవాబు: పథకం నిజమే. జాతీయ పశుసంపద మిషన్‌లో 500 ఆడగొర్రెలు, 25 పొట్టేళ్ల యూనిట్‌కి పెట్టుబడిలో 50 శాతం, గరిష్ఠంగా 50 లక్షలు రాయితీ. రెండు విడతల్లో వస్తుంది, మిగతా సగం మీరు పెట్టాలి లేదా బ్యాంకు అప్పు. ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు. 100 గొర్రెలకు, 200 గొర్రెలకు కూడా చిన్న యూనిట్లు ఉన్నాయి, వాటి గురించి ఎవరూ వీడియోలు చేయరు.

ఇప్పుడు కాగితం తీసుకుని నాతోపాటు లెక్క వేయండి. గొర్రెకి రోజుకి నాలుగు కిలోల పచ్చిమేత అనుకుందాం. 500కి రెండు టన్నులు. ఏడాదికి 730 టన్నులు. వర్షాధారంగా బాగా కుదురుకున్న స్టైలో మంచి ఏడాదిలో ఎకరాకి 12 టన్నులు ఇచ్చినా 60 ఎకరాలు కావాలి. మీకున్నది ఎనిమిది. నీళ్లుంటే నేపియర్ జాతితో తక్కువ భూమిలోనే ఎక్కువ మేత తీయొచ్చు, ఎండు చొప్ప కొనొచ్చు, కానీ కొన్న మేత మీద నడిచే మంద ఎండాకాలంలో చొప్ప ధర పెరగ్గానే అమ్మకానికొస్తుంది. దానికితోడు అన్ని గొర్రెల్ని ఎనిమిదెకరాల చుట్టూ తిప్పితే ఆ నేల గతి ఏమవుతుందో చెప్పనక్కర్లేదు, డెక్కల కింద నలిగి తొలి వానకే మట్టి లేచిపోతుంది. ముందు నాలుగెకరాల్లో మేత పెంచి, మీ మేతకి ఎన్ని గొర్రెలు బతుకుతాయో చూసుకుని వంద గొర్రెల యూనిట్‌తో మొదలుపెట్టండి. ఇంట్లోవాళ్లు ఇప్పటికే భయపడుతూ ఉంటారు, ఈ లెక్క వాళ్లకి కూడా చూపించండి.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఉంటాను. కడప జిల్లాలో 12 ఎకరాలు కౌలుకిచ్చాను. పొలంలో వాగు కోత ఎక్కువైంది. ప్రభుత్వ సాయం నా పేరు మీద వస్తుందా, కౌలుదారు పేరు మీదా? ఆయన పేరు ఎక్కడైనా ఎక్కితే తర్వాత భూమి మీద హక్కు అడుగుతాడేమోనని భయం.

జవాబు: మొదట భయం సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే కార్డు పంట వరకే, 11 నెలలకే, భూమి మీద ఏ హక్కూ రాదని చట్టమే చెప్తోంది. అయినా ఆ కార్డు కోసం సంతకం పెట్టని యజమానులే ఎక్కువ, ఆ కౌలుదారు పంట పోతే ఒక్క రూపాయి పరిహారం అందక ఊరు వదిలిపోయేది అందుకే. ఆ సంతకం మీరు పెట్టండి.

నేల పనుల విషయానికొస్తే, 12 ఎకరాలతో మీరు చిన్న రైతు లెక్కలోకి రారు కాబట్టి ఉపాధి హామీలో సొంత పొలం పని కష్టం. మీకు దారి వాటర్‌షెడ్. అది రైతు ఎంత పేదో చూసి కాకుండా నీళ్లు ఎటు పారతాయో చూసి పని పెట్టే పద్ధతి, గుట్ట మీద మొదలై లోయదాకా ఎవరి పొలం అడ్డొస్తే వాళ్ల పొలంలో పని జరుగుతుంది. దీనికి దేశమంతటికీ దారి వేసింది మన తెలుగాయన, ఆర్థికవేత్త సి.హెచ్. హనుమంతరావు. ఆయన అధ్యక్షతన కమిటీ 1994లో ఇచ్చిన నివేదికతోనే ఊరివాళ్ల కమిటీ చేతికి పనులు ఇచ్చే మార్గదర్శకాలు వచ్చాయి. ఇప్పుడు నడుస్తున్న ప్రధానమంత్రి కృషి సించాయి యోజన వాటర్‌షెడ్ భాగంలో రెండో దశకి హెక్టారుకి మైదానంలో 22,000 రూపాయలు, కష్టమైన ప్రాంతాల్లో 28,000 అని కట్టారు. ఎకరాకి సుమారు 9 వేలు అనుకోండి, అదీ మీ చేతికి కాదు, గట్లు, చెక్‌డ్యాములు, శిక్షణ, జీవనోపాధి, ఆఫీసు ఖర్చు అన్నీ కలిపి. మీ పొలంలో పనికి మీ వాటాగా కొంత కట్టమంటారు. మీ ఊరు ఆ ప్రాజెక్టులో ఉందో లేదో జిల్లా నీటి యాజమాన్య సంస్థ, అదే డ్వామా ఆఫీసులో కనుక్కోండి. ఊరు లిస్టులో లేకపోతే మీ ఒక్క పొలం కోసం వాటర్‌షెడ్ రాదు, సొంత డబ్బుతో కోత పడిన చోట రాళ్లు అడ్డం పేర్చుకోవడమే.

ఇంకొకటి అడగకుండానే చెప్తున్నా. ఏడాది కౌలుకి తీసుకున్నవాడు మీ గట్టు బాగుచేయడు, పేడ తోలడు, ఎందుకు తోలాలి, వచ్చే ఏడు ఆ పొలం ఇంకొకడిదైతే? ఐదేళ్లకి కాగితం రాసివ్వండి, వాగు పక్క భాగానికి రెండేళ్లు కౌలు మాఫీ చేసి, దానికి బదులు గట్లు, చెట్లు చూసుకోవాలని ఆ కాగితంలోనే రాయించండి. 12 ఎకరాల మీద మీకొచ్చే కౌలులో అది పెద్ద మొత్తం కాదు.

ప్రశ్న: డాలస్‌కి రెండు గంటల దూరంలో 30 ఎకరాలు కొన్నాం. పాత పశువుల మేత భూమి, గడ్డి పలచబడి పొదలు లేచాయి. ఆవులు పెట్టాలని ఉంది. ఇక్కడ గవర్నమెంట్ కంచెకీ, గడ్డికీ డబ్బిస్తుందని స్నేహితులు అంటున్నారు. మేం హెచ్1బీ మీద ఉన్నాం.

జవాబు: మీ స్నేహితులు చెప్పింది ఈక్విప్ అనే కార్యక్రమం గురించి, 1996 ఫార్మ్ బిల్లుతో వచ్చింది. నడిపేది అమెరికా వ్యవసాయ శాఖలోని సహజ వనరుల సంరక్షణ విభాగం, ఎన్ఆర్‌సీఎస్. ఆ విభాగం పుట్టుక కథ కొంచెం చెప్పాలి. 1930లలో మైదానాలన్నీ దున్నేసిన తర్వాత కరువు వచ్చి మట్టి మేఘాలు లేచాయి. 1935లో హ్యూ బెన్నెట్ అనే నేల శాస్త్రవేత్త వాషింగ్టన్‌లో చట్టసభ సభ్యుల ముందు మాట్లాడుతున్న రోజుల్లోనే ఆ దుమ్ము రాజధానిదాకా కొట్టుకొచ్చింది, ఏప్రిల్ 27న నేల సంరక్షణ చట్టం అయిపోయింది, ఈ విభాగం పుట్టింది దానితోనే. మీ టెక్సస్ ఉత్తర భాగం ఆ దుమ్ములో మునిగినదే.

ముందు మీ కౌంటీలో యూఎస్‌డీఏ, అంటే ఆ వ్యవసాయ శాఖ సర్వీస్ సెంటర్‌కి వెళ్లి, అందులోనే ఉండే ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ, అదే ఎఫ్ఎస్ఏలో ఫార్మ్ నంబర్ తీసుకోండి. తర్వాత ఎన్ఆర్‌సీఎస్ మనిషిని పొలానికి పిలవండి, రావడానికి పైసా తీసుకోరు, నడిచి చూసి సంరక్షణ ప్రణాళిక రాసిస్తారు. పొదల తొలగింపు, గడ్డి నాటడం, లోపలి కంచెలు, నీళ్ల తొట్లు, మేపుని ముక్కలుగా తిప్పడం, వీటికి ఒక్కోదానికి ఒక రేటు ఉంటుంది. అక్కడా నియమం ఇదే, ఒప్పందం మీద సంతకాలు కాకముందు మొదలుపెట్టిన పనికి డబ్బు రాదు. పని పూర్తయ్యాక వాళ్లు చూసి చెల్లిస్తారు. వ్యవసాయం మొదలుపెట్టి పదేళ్లు దాటనివాళ్లకి రేటు ఎక్కువ, కొంత ముందుగా కూడా ఇస్తారు. ఆ డబ్బుకి 1099-జి అనే పన్ను ఫారం వస్తుంది, పన్ను లెక్కలో చూపాలి. దరఖాస్తులు పోటీలో నిలబడతాయి, ఈ ఏడు రాకపోతే వచ్చే ఏడు మళ్లీ చూస్తారు, ఈలోపు ఆవుల్ని దించి ఉన్న గడ్డిని కూడా పోగొట్టుకోకండి.

హెచ్1బీ అన్నారు కాబట్టి ఒక ముఖ్యమైన విషయం. గ్రీన్ కార్డు లేనివాళ్లు అక్కడ పదెకరాలకు మించి వ్యవసాయ భూమి కొంటే 1978 చట్టం ప్రకారం 90 రోజుల్లో ఎఫ్ఎస్ఏకి ఒక ఫారం ఇవ్వాలి, దాని నంబరు ఎఫ్ఎస్ఏ-153. ఇవ్వకపోతే జరిమానా భూమి విలువలో 25 శాతం దాకా వేసే అధికారం ఉంది. రియల్టర్లు ఇది చెప్పరు. ఈ జవాబు చదివాక మీరు చేయాల్సిన మొదటి పని ఇదే, ఈక్విప్‌కి మీకు అర్హత ఉందో లేదో అదే ఆఫీసులో అదే రోజు అడగండి. ఆస్తి పన్ను తగ్గింపు కోసమే ఆవులు అనుకుంటుంటే, టెక్సస్‌లో గడిచిన ఏడేళ్లలో ఐదేళ్లు వ్యవసాయ వాడకంలో ఉండాలి, పాత యజమాని వాడుకని చూపించే కాగితాలు అడిగి తీసుకోండి.

ప్రశ్న: చెరువు పూడికమట్టి తోలుకుంటే మంచిదేనా? ఎకరాకి ఎన్ని ట్రాలీలు?

జవాబు: ఎర్రనేలకి, ఇసుకనేలకి మంచిదే. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు ఆ మట్టి పొలాలకి చేరింది. ఎకరం మీద ఒక సెంటీమీటరు మందం పరచాలంటే 40 ఘనపు మీటర్లు, ట్రాలీకి మూడు చొప్పున పదమూడు ట్రాలీలు పడతాయి. తోలేముందు మీ మట్టి, చెరువు మట్టి రెండూ పరీక్షకి ఇవ్వండి. సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాలు ఉంటాయి, ఉదజని సూచిక, ఉప్పు, సేంద్రియ కర్బనం తెలుస్తాయి కానీ మట్టిలో బంక ఎంత, ఇసుక ఎంత అన్నది ఉండదు. అది మీరే చూసుకోవచ్చు, తడిపిన మట్టిని బొటనవేలు, చూపుడువేలు మధ్య నొక్కి సాగదీయండి, వెంటనే తెగితే ఇసుక, రెండంగుళాలు సాగితే బంక. చెరువు అంచున తెల్లగా ఉప్పు పేరుకున్నచోట, ఊరి మురుగు కలిసే చెరువులో తవ్వొద్దు. మీది నల్లరేగడి అయితే అసలు తోలొద్దు.